పళ్ళెంలో పెట్టి ఇచ్చిన తాళంచెవి

సాయం చేయడానికి వచ్చినవాళ్ళు మా హాలుకు తాళం వేసుకుని పోయారు. మళ్ళీ వరద వచ్చిన రోజు మా గల్లీవాళ్ళం ఆ తాళం ముందర, వానలో, మెట్ల మీద కూర్చున్నాం. లోపల పొడి నేల ఉంది. దాని చుట్టూ మేము రాళ్ళు మోసి కట్టుకున్న గోడలున్నాయి. బయట మేమున్నాం. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు ఏ సంస్థ, ఏ స్కీము, ఎవరు సంతకం పెట్టారు అని అడుగుతారు. అవి తర్వాత అడగండి. ముందు తడిసినవాళ్ళు బయట ఉన్నారని వినండి.

మాది పటాన్‌చెరు దాటి ఇంద్రేశం వైపు పోతుంటే వాగు ఒడ్డున ఉన్న ఊరు. భూములున్న కుటుంబాలు పై ఊళ్ళో ఉంటాయి. మేము కింది గల్లీ. మా తాతల నుంచి కూలికి పోయినవాళ్ళం, కంపెనీలు వచ్చాక సగంమంది షిఫ్టులకు పోయారు. నేను ఒక మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేశాను. బడి మొహం చూడలేదు. కిరాణా దుకాణంలో చక్కెర కట్టిచ్చిన కాగితాలు విప్పి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. పొట్లం కాగితం కాబట్టి ఏ వార్తకూ మొదలుండదు, చాలావాటికి చివర ఉండదు. అందుకేనేమో, ఏదైనా సగంలో ఆగిపోతే ఈ వయసులో కూడా నాకు మనసున పట్టదు.

వాగు పొంగితే ముందు మునిగేది మేమే. ఎనభైల మొదట్లో ఒకసారి గల్లీ అంతా మునిగి, పై ఊరి పశువుల కొట్టాల్లో తలదాచుకున్నాం. కొట్టం ఇచ్చిన పెద్దమనిషి మంచివాడే. కానీ పాలు పితికే వేళకు అందరం లేచి నిలబడాలి. మా అక్క తన బిడ్డను గొడ్డు కాళ్ళ దగ్గర నుంచి లాక్కుంటూ, "గా మిట్ట మీద మనకో పెద్ద అర్ర ఉండాలె. ఇంకోని కొట్టంల గిట్ల నిలవడొద్దు" అంది. ఎవరితోనో అనలేదు, బిడ్డతో అన్నట్టు అంది. హాలు పుట్టింది ఆ మాటతో.

మా అక్క సంగతి చెప్పాలి. చిన్నతనంలోనే భర్త పోతే బిడ్డను ఎత్తుకుని మా ఇంటికి వచ్చింది. నా భార్య పెళ్ళయిన కొన్నేళ్ళకే జ్వరంతో పోయింది, పిల్లలు లేరు. అక్క బిడ్డను హత్నూరకు ఇచ్చి పెళ్ళి చేశాక ఇంట్లో మిగిలింది అక్క, నేను. నేను ముసలివాణ్ణి అయ్యేదాకా నన్ను "తమ్మీ" అనే పిలిచింది.

మిట్ట మీద పంచాయతీ జాగా ఇచ్చింది. ఆదివారం ఆదివారం ఇంటికొక మనిషి పనికి వచ్చాడు. క్వారీలో పనిచేసేవాళ్ళు రాళ్ళు కొట్టారు, ఎడ్లబండి ఉన్నవాడు తోలాడు, ఆడవాళ్ళు ఇసుక మోశారు. కాగితాల మీద అది కమ్యూనిటీ భవనం. మాకు హాలు. పేదింటి పెళ్ళిళ్ళు అక్కడే, పోలియో చుక్కలు అక్కడే. పొద్దున పూట నేను పేపరు గట్టిగా చదివేవాణ్ణి, నైట్ షిఫ్టు దిగినవాళ్ళు గోడకు ఒరిగి వినేవాళ్ళు. వాగు పొంగినప్పుడు గల్లీ మొత్తం చాపలు చుట్టుకుని అక్కడికే ఎక్కేది.

హాలుకు మా ఇల్లు దగ్గర. అందుకని తాళంచెవి మా ఇంటి దర్వాజ పక్కన మేకుకు వేలాడేది. కావలసినవాళ్ళు వచ్చి తీసుకునేవాళ్ళు. "అక్కా, చెవి తీస్కపోతున్నా!" అని కేక. "తెచ్చి మేకుకే ఎయ్యి, నీ మొలతాడుకు కట్టుకోకు!" అని లోపలి నుంచి అక్క. పొద్దంతా మా గుమ్మంలో ఎవరో ఒకరి గొంతు ఉండేది. అది సందడి అని అప్పుడు నాకు తోచలేదు. విసుక్కునేవాణ్ణి కూడా.

తొంభైలు ముగిసేముందు వచ్చిన వరద పాత వరదల్లాంటిది కాదు. వాగు నీళ్ళ రంగు అప్పటికే మారింది. పొద్దున షిఫ్టు వాళ్ళు డ్యూటీ ఎక్కాక నీళ్ళు వచ్చాయి, వాటితోపాటు ముక్కులు మండే వాసన. గల్లీలో మట్టి గోడలు కూర్చుండిపోయాయి. హాలు గోడలు కూడా కింద నుంచి చెమ్మ పీల్చి ఉబ్బాయి, తలుపు పాడైంది. అయినా అందరం అందులోనే ఉన్నాం.

వాన తెరిపి ఇచ్చాక సాయం మొదలైంది. ఒక కంపెనీ బియ్యం లారీ పంపింది. వాగులోకి నీళ్ళు వదిలే కంపెనీల్లో అదీ ఒకటి, ఆ సంగతి బియ్యం తిన్న మాకూ తెలుసు, పంపిన వాళ్ళకూ తెలుసు. హైదరాబాదు నుంచి ఒక ధర్మసంస్థ దుప్పట్లు, బ్లీచింగ్ పౌడరు, ఒక డాక్టరమ్మను పంపింది. ఆ సంస్థ తరఫున ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. కోస్తావైపు మాట. ఆయన గురించి చెడు చెప్పను. ప్యాంటు మడిచి మాతోపాటు బురద ఎత్తాడు. మొదటిరోజే మమ్మల్ని కూర్చోబెట్టి, "మేం బయటివాళ్ళమండీ. ఎవరింట్లో ఏం పోయిందో మీకే తెలుస్తుంది. అందుకని అన్నీ మీ హాలుకే దింపుతాం. పంచేది మీరే" అన్నాడు. చాలా మంచి పద్ధతి. ఈనాటికీ అదే మాట అంటాను. ఏ ఊళ్ళో వరద వచ్చినా, దాతలెవరైనా, అక్కడివాళ్ళ చేతుల మీదుగానే సాయం నడవాలి.

నడిచింది కూడా. వంట సంగతి అక్క చూసుకుంది. ఎవరింట్లో బాలింత ఉంది, ఎవరు అడగడానికి మొహమాటపడతారు, ఎవరు రెండుసార్లు అడుగుతారు, అన్నీ ఆమెకు తెలుసు. కంపెనీ నుంచి వచ్చిన మనిషి మాత్రం బ్యానరు కట్టి, ఆడవాళ్ళను వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి భుజం మీద దుప్పటి వేసి ఫోటోలు తీయిస్తానన్నాడు.

అక్క గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. "సారూ, దుప్పటిస్తె సలి పెట్టినప్పుడు కప్పుకుంటం. గింత ఎండల కప్పుకుంటె మాకు జరమొచ్చిందనుకుంటరు సూసెటోళ్ళు."

"ఫోటో పైకి పంపాలమ్మా, లేకుంటే ఇచ్చినట్టు నమ్మరు."

"మరి బియ్యం లారీని దీయుండ్రి. గదైతె సిగ్గుపడది."

కుర్ర ఆఫీసరు నవ్వి, బ్యానరు లారీకి కట్టించాడు. ఆ ఫోటోలో లారీ, బ్యానరు, మూలన మా అక్క చేతిలోని గరిటె వచ్చాయట. ఆయనే చెప్పాడు.

తర్వాత రెండు సంస్థలూ కలిసి హాలు బాగుచేశాయి. కంపెనీ సిమెంటు ఇచ్చింది, ధర్మసంస్థ మేస్త్రీలను పెట్టింది, మేము కూలి తీసుకోకుండా పనిచేశాం. కొత్త గచ్చు, ఇనుప తలుపు, సున్నం. ముందర ఒక బోర్డు పెట్టారు. కంపెనీ పేరు పెద్దగా, సంస్థ పేరు దానికంటే కొంచెం చిన్నగా, మా ఊరి పేరు అడుగున. "మా ఊరి పేరు సదవాలంటె వంగాలె సారూ" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఇప్పుడు తాళంచెవి సంగతి. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇల్లు కట్టడం పూర్తయినప్పుడు, మొదటిసారి తలుపు తీసేముందు, కట్టిన మేస్త్రీ ముందర పళ్ళెం పెడతారు. అందులో తమలపాకులు, పసుపు కుంకుమ, తాళంచెవి. ఆయన తాళంచెవిని కళ్ళకద్దుకుని మళ్ళీ పళ్ళెంలోనే పెట్టి, "సల్లగుండుండ్రి" అంటాడు. అప్పుడు ఇంటివాళ్ళు దాన్ని తీసుకుంటారు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు. అన్నం తినేముందు చేయి కడుక్కోవాలని మేస్త్రీకి చెప్తామా?

ఆ రోజు సర్పంచి పళ్ళెం పట్టుకుని ఆ కుర్ర ఆఫీసరు ముందర నిలబడ్డాడు. దర్వాజ మేకు నుంచి పొద్దున్నే తీసుకుపోయిన తాళంచెవి అందులో ఉంది, అక్క చింతపండుతో తోమి ఇచ్చింది. ఆయన మొహం ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయేమో కూడా. "ఇంత నమ్మకం పెట్టారు మా మీద" అంటూ తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

చప్పట్లు కొట్టారు. అక్క కొట్టలేదు. నా మోచేయి పొడిచింది.

"తమ్మీ, జేబుల ఏసుకున్నడేందిరా?"

"ఇస్తడు తియ్యక్కా. పోయెటప్పుడు ఇస్తడు."

సాయంత్రం ఆయన జీపు ఎక్కాడు. జేబు ఆయనతో పోయింది. నేను సర్పంచి దగ్గరికి పోయాను. సర్పంచి పై ఊరి రైతు, మా మీద ప్రేమ లేనివాడు కాదు.

"అడుగు పటేలా, ఆయనకు మన పద్ధతి ఎర్కలేదు."

"ఏమని అడగాలె? పళ్ళెంల వెట్టి ఇచ్చింది మల్ల గుంజుకుంటమా? నవ్వుతరు. ఆయనకే సమజైతది, రెండు దినాలు ఆగు."

రెండు రోజులకు ఆయన నిజంగానే వచ్చాడు, కుట్టుమిషన్లతో. వరదలో బతుకుదెరువు పోయిన ఆడవాళ్ళకు శిక్షణ అన్నాడు. విలువైన సామాను కాబట్టి పాత తాళం తీసేసి పెద్ద తాళం వేశాడు. ఆయన వచ్చినప్పుడు తెరిచేవాడు, పోయేటప్పుడు మూసేవాడు. కొన్నాళ్ళు బాగా నడిచింది. అక్క కూడా ఒక సంచి కుట్టింది, ఒక కాడ పొడుగు, ఒక కాడ పొట్టి. వంకర సంచి భుజానికేసుకుని గల్లీ అంతా తిరిగి చూపించింది. పేపరు చదవడం మాత్రం చెట్టు కిందికి మారింది, తర్వాత వినేవాళ్ళు తగ్గారు, తర్వాత నేను మనసులోనే చదువుకోవడం మొదలుపెట్టాను.

అంతలో సముద్రం వైపు ఎక్కడో తుపాను వచ్చింది. ఆ ఆఫీసరును అక్కడికి పంపారు. అక్కడా మనుషులు మునిగారు, అక్కడా బురద ఎత్తాలి, తప్పు పట్టను. కానీ ఆయన పోయాక మరొకరు రాలేదు. ఒక పగలు, గల్లీవాళ్ళంతా పనుల మీద ఉన్నప్పుడు, వ్యాన్ వచ్చి కొన్ని మిషన్లు తీసుకుపోయిందని ఎవరో పిల్లలు చెప్పారు. మిగతావి లోపల ఉన్నాయో లేవో తెలియదు. కిటికీలకు లోపలి నుంచి అట్టలు కట్టి ఉన్నాయి. తాళం వేసే ఉంది.

ఆ తర్వాతి వరద పొద్దుటి పూటే వచ్చింది. ఎప్పటిలాగే అందరం మిట్ట ఎక్కాం. కాళ్ళకు అలవాటైన దారి, తాళం ఉందన్న సంగతి కాళ్ళకు తెలియదు. ఇనుప తలుపు ముందర ఆగాం. వాన పడుతూనే ఉంది. కంపెనీలో లేబర్ పనిచేసే ఒక జవాను పిల్లగాడు గడ్డపార తెచ్చాడు.

"జరుగుండ్రి, ఒక్క దెబ్బ."

సర్పంచి పై ఊరి నుంచి గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఆగురా! లోపట మిషన్లున్నయ్. ఒక్కటి కమ్మిపడ్డదంటె దొంగతనం ఎవ్వని మీదికొస్తది? నా మీదికి రాదు, నీ మీదికొస్తది."

ఆ మాట నిజం. ఏ కంపెనీలో రాగి పైపు పోయినా ముందు మా గల్లీకే పోలీసులు వచ్చేవాళ్ళు. ఆ జవాను తండ్రిని ఒకసారి అట్లాగే తీసుకుపోయి, పైపు మరొకచోట దొరికాక వదిలారు. గడ్డపార కిందికి దిగింది.

"మల్ల గీ తాళం పలగ్గొట్టినమని తెలిస్తె," సర్పంచి నెమ్మదిగా అన్నాడు, "రేపు బియ్యం లారీ ఎవ్వడు తెస్తడు మనకు?"

కొందరు మళ్ళీ పశువుల కొట్టాలకు పోయారు. మా అక్క పోలేదు. మెట్ల మీద, ఆ వంకర సంచి నెత్తిన కప్పుకుని, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఆమె సంచి తీసి నీళ్ళు పిండి మళ్ళీ కప్పుకుంది. తర్వాత అంది.

"పలగ్గొట్టరా తమ్మీ. నువ్వొక్కనివి చాలు."

"మన ఇంట్ల మనం దొంగలమైతమా అక్కా? అడిగి తీపిస్త. ఇచ్చినోడే వచ్చి తియ్యాలె."

"నీ పంతం పాడుగాను. నేను తడుస్తున్న."

నీళ్ళు తగ్గాక ఆమె బిడ్డ హత్నూర నుంచి వచ్చింది. అక్క బట్టలు మూట కట్టుకుంది. గుమ్మంలో ఆగి ఖాళీ మేకు వైపు చూసింది. "తాళం తీపిచ్చిన దినం కబురంపు. వస్త. హాలు లేని గల్లీల ఉండుడు నాతోని గాదు." బస్సు దాకా తోడుపోయాను. ఎక్కాక కిటికీ లోంచి, "పొయ్యి మీద పప్పుంది, మాడగొట్టకు" అంది.

ఆ రోజు నుంచి నాకు ఒకే పని. ముందు సిమెంటు ఇచ్చిన కంపెనీ గేటుకు పోయాను. సెక్యూరిటీ వాడు బీహారువాడు, నా కంటే పేదవాడు. "సాబ్ మీటింగ్ మే హై బాబా. కల్ ఆనా" అన్నాడు. రేపు పోతే మళ్ళీ రేపన్నాడు. కొన్నాళ్ళకు నేను కనబడగానే స్టూలు వేసేవాడు, సాబ్ సంగతి నేనూ అడిగేవాణ్ణి కాదు. వాడి ఊరి వరదల గురించి చెప్పేవాడు. అర్థమైనంత అర్థమయ్యేది. చివరికి లోపలి నుంచి ఒకాయన వచ్చి, సిమెంటు ఇవ్వడం వరకే మా పని, తాళం సంస్థవాళ్ళది అన్నాడు.

మండలాఫీసులో భవనం పంచాయతీది కాబట్టి పంచాయతీలో అడగమన్నారు. పంచాయతీలో సర్పంచి మారాడు. కొత్తాయన, "పాతోళ్ళు ఇచ్చిన్రు, నేనెట్ల అడగాలె కాకా?" అన్నాడు.

హైదరాబాదులో సంస్థ ఆఫీసు వెతుక్కుంటూ పోయాను. చల్లటి గది, గోడ నిండా ఫోటోలు. మా ఊరి లారీ కూడా ఉంది, మూలన గరిటె ఉంది. చేయి ఎవరిదో కింద రాయలేదు. కౌంటరు దగ్గరి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"ఆ ప్రాజెక్టు క్లోజ్ అయిపోయిందండీ."

"ప్రాజెక్టు మూస్కున్నరు బిడ్డా, మంచిది. మా తలుపు గూడ మూసే ఉన్నది. దాన్ని తెరువుమని వచ్చిన."

"అప్పటి ఆఫీసరుగారు ఇప్పుడు లేరండీ. మీరు రాసి ఇవ్వండి, పైకి పంపిస్తాం."

అక్కడే కూర్చుని రాశాను. తర్వాత ఇంటి నుంచి రాశాను. పొట్లం కాగితాల్లో నేర్చుకున్న తెలుగుతో, ఒకసారి బతిమాలుతూ, ఒకసారి తిడుతూ, మళ్ళీ తిట్టినందుకు మన్నించమంటూ రాశాను. సుత్తె లేక కాదు. మా ఇంట్లో సుత్తె ఉంది. కానీ గౌరవంగా ఇచ్చినదాన్ని గౌరవంగా తిరిగి ఇవ్వడం అనే పని ఈ లోకంలో ఇంకా ఉందో లేదో తేల్చుకోవాలనిపించింది. అది పిచ్చి అని గల్లీలో అన్నారు. ఎదురుగానే అన్నారు.

అనేవాళ్ళు కూడా తగ్గుతూ వచ్చారు. వాగు పొంగితే ఎక్కడానికి చోటు లేని గల్లీలో పిల్లలతో ఎవరుంటారు? ఒకరు పటాన్‌చెరులో కిరాయి గది తీసుకున్నారు, ఒకరు బొంతపల్లి కంపెనీల వైపు పోయారు. గడ్డపార తెచ్చిన జవాను కూడా పోయాడు, పోతూ గడ్డపార నాకిచ్చి, "ఉంచుకో కాకా, పనికొస్తది" అన్నాడు. వాళ్ళు వదిలిన జాగాల్లో లేఅవుట్ రాళ్ళు పాతారు. ఆ ప్లాట్లు కొనేవాళ్ళకు వాగు సంగతి ఎవరు చెప్తారో నాకు తెలియదు.

ఒకసారి హత్నూరకు పోయాను. అక్క వాకిట్లో మనుమరాలికి జడ వేస్తోంది. లావైంది, బాగుంది. "తిన్నవా?" అంది. జొన్నరొట్టె పెట్టింది. బర్రె ఈనిన సంగతి చెప్పింది, పక్కింటివాళ్ళ తగాదా చెప్పింది. నేను సంస్థకు రాసిన తాజా ఉత్తరం గురించి చెప్పడానికి సిద్ధమై పోయాను. ఆమె తాళం మాట ఎత్తలేదు. మొదటిసారి అడగలేదంటే మరిచిపోయిందనుకున్నాను. తర్వాత పోయినప్పుడూ అడగలేదు. వచ్చేటప్పుడు ఆ వంకర సంచిలో రొట్టెలు పెట్టి ఇచ్చింది, "సంచి నీ దగ్గర్నే ఉంచుకో" అంది. దాన్ని తెచ్చి మేకుకు వేశాను.

మొన్న వానాకాలం ముందు పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. గల్లీ ఆ చివర నుంచి ఈ చివర దాకా సైకిలు నడిపించుకుంటూ వచ్చి, "నువ్వొక్కనివే ఉన్నవా ఇంక?" అని కవరు చేతిలో పెట్టాడు. సంస్థ ముద్ర ఉంది. హాలు దాకా నడిచి, మెట్ల మీద, తలుపుకు వీపు ఆనించి కూర్చుని, చాలా ఏళ్ళ తర్వాత గట్టిగా చదివాను.

"అయ్యా, మీ ఉత్తరాలు అందినవి. ఆలస్యానికి చింతిస్తున్నాము. మీ భవనంలోని కుట్టుమిషన్లన్నీ మా సిబ్బంది బదిలీ అయిన కొద్దిరోజులకే వ్యానులో వెనక్కి తెప్పించుకున్నాము. ఆ తర్వాత లోపల మా సామాను ఏదీ లేదు. తాళంచెవి ప్రస్తుతం మా కార్యాలయంలో కనబడుటలేదు. తాళం పగలగొట్టుకొనుటకు మా అనుమతి అవసరం లేదు, ఎన్నడూ లేదు. ఆనాడు మీ గ్రామస్థులు మాపై చూపిన నమ్మకాన్ని మరువలేము. వానాకాలం సమీపిస్తున్నందున మీ వీధివారందరూ జాగ్రత్తగా ఉండవలెనని మా మాటగా వారికి తెలియజేయగలరు."